తెర మీద చీపురు

నోట్లో బ్రష్షు కరుచుకుని, డాబా పిట్టగోడకి ఒక మోకాలు ఆనించి, జానకిరామ్ వెదురుగడతో కొబ్బరిమట్టని పక్కకి నెడుతున్నాడు. మట్ట వెళ్ళినట్టే వెళ్ళి మళ్ళీ వచ్చి తీగ మీదే కూర్చుంటోంది. అది అతని రేడియో ఏరియల్ తీగ. ఇటు కొస డాబా మీది ఇనపగొట్టానికీ, అటు కొస పక్కింటి మాణిక్యాంబగారి పెరట్లో కొబ్బరిచెట్టుకీ కట్టి ఉంటుంది. గాలి కాస్త గట్టిగా వీచిన ప్రతి రాత్రీ అది మట్టల్లో చిక్కుకుంటుంది. ప్రతి పొద్దుటా అతను పళ్ళు తోముకుంటూ దాన్ని విడిపిస్తాడు. అందువల్ల పళ్ళూ సరిగా తోమినట్టుండదు, తీగా సరిగా విడినట్టుండదు.

"ఒరే రాముడూ! పిందెలు రాలిపోతాయిరా!" కింద కిటికీలోంచి మాణిక్యాంబగారి గొంతు వచ్చింది.

నురగ నోటితో జానకిరామ్ "ఊఁ" అన్నాడు.

"ఊఁ అంటే? రాల్తాయనా, రాలవనా?"

అతను ఉమ్మేసి వచ్చేలోపు ఆవిడ రెండో ప్రశ్న వేసేసింది. "రాత్రి ఎవడు మాటాడాడ్రా?"

"ఎవరూ లేరండి పిన్నిగారూ. అంతా రొదే."

"నిన్నా రొదే, మొన్నా రొదే. నా చెట్టుకి అద్దె కింద కబుర్లు చెప్తానన్నావు. ఈ లెక్కన చెట్టు ఖాళీ చేయించాల్సిందే."

ఆవిడ ఆ మాట అనగలదు. భర్త పోయాక పంటకాలవ పక్కన పొలాన్ని గట్టు మీద నిలబడి తనే చేయించిన మనిషి. కౌలుకిమ్మని వచ్చిన వాళ్ళకి మజ్జిగ ఇచ్చి పంపేసేది, పొలం మాత్రం ఇచ్చేది కాదు. కార్తీకమాసంలో నూతిపళ్ళెం దగ్గర జారిపడి తుంటి విరిగింది. అప్పటినుంచీ కిటికీ పక్క మంచమే పొలంగట్టు అయింది. కనిపించేవి మూడు కొబ్బరిచెట్లూ, ఒక తీగా, జానకిరామ్ మోకాలూ. అజమాయిషీ చెయ్యడానికి ఆవిడకి అవి చాలు.

మెట్ల మీద కాఫీ గ్లాసు పెట్టి వీరవేణి పైకి చూసింది. "డాబా నిండా తీగలే. జాకెట్టు ఆరేసుకోడానికి మాత్రం జానెడు తీగ లేదు" అంది. ఈ మాట ఆవిడ పెళ్ళైన కొత్తలో మొదటిసారి అంది. ఇప్పుడు అది సుప్రభాతంలో భాగం.

జానకిరామ్ గడ పక్కన పెట్టి డాబా మీది రేకుల గదిలోకి వెళ్ళాడు. అక్కడ చెక్క పలక మీద అతను చేత్తో కట్టుకున్న రిసీవరు ఉంది. పక్కనే ఒక ప్లాస్టిక్ కాజాల డబ్బా. అందులో అరచేతంత కంప్యూటర్ బోర్డు. వేడెక్కిపోతోందని డబ్బా మూతకి కాల్చిన మేకుతో కన్నాలు పెట్టాడు. కన్నాల్లోంచి చీమలు ముందు కాజాల కోసం వచ్చి, తర్వాత అలవాటు కొద్దీ వస్తున్నాయి. రిసీవరుకి అందినదాన్ని ఆ బోర్డు పాత మానిటరు మీద బొమ్మగా గీస్తుంది. మనిషి మాట్లాడితే నీలం తెర మీద సన్నని పసుపు జాలు ఒకటి కిందికి జారుతుంది. అలా ఉండాలి. మూణ్ణెల్లుగా అలా లేదు. తెర ఈ చివరనుంచి ఆ చివరదాకా తెల్లటి ఈనెలు, వరసగా, నిలువుగా.

"ఇవాళా చీపురేనా?" వీరవేణి కాఫీ తీసుకుని పైకి వచ్చి, గుమ్మంలోంచే అడిగింది. ఆ బొమ్మకి ఆవిడ పెట్టిన పేరది.

"చీపురే."

"సాయంత్రానికి ఏం చేస్తారు మరి? పాపం బ్రహ్మంగారు."

అదే అతని దిగులు. దిగులు అనడం కంటే చిరాకు అనాలి.

వీరబ్రహ్మమూ అతనూ ఒకప్పుడు రాజమండ్రిలో ఒకే రేడియో షాపులో పని నేర్చుకున్నారు. రేడియోలు పోయి టేప్ రికార్డర్లు వచ్చాయి, అవి పోయి టీవీలు వచ్చాయి, టీవీలు చెడితే బాగుచేయించుకునే రోజులు కూడా పోయాయి. బ్రహ్మం పిఠాపురం వెళ్ళి తాతల నాటి కంసాలి పని పట్టుకున్నాడు. జానకిరామ్ పాలకొల్లులో మోటారు వైండింగ్ షాపు పెట్టాడు. రొయ్యల చెరువులున్నంత కాలం మోటార్లు కాలుతూనే ఉంటాయని ఎవరో చెప్పారు. అది నిజమైంది. రేడియో మాత్రం ఇద్దరినీ వదల్లేదు. జానకిరామ్ వినేవాడిగా ఉండిపోయాడు. వినడానికి పరీక్ష రాయక్కర్లేదు. బ్రహ్మానికి మాట్లాడాలని కోరిక. అయిదుపదులు దాటాక సొంతంగా రేడియోలో మాట్లాడేందుకు ఇచ్చే హామ్ లైసెన్సు పరీక్షకి కూర్చున్నాడు. బంగారం నలుసంత తేడా పట్టేవాడు చట్టాల పేపర్లో రెండుసార్లు తప్పాడు. మూడోసారి పాసయ్యాడు. ఇవాళ సాయంత్రం అయిదున్నరకి, తను కట్టుకున్న చిన్న ట్రాన్స్‌మిటర్‌తో, జీవితంలో మొదటిసారి గాలిలోకి మాట్లాడబోతున్నాడు.

"పిలుపుల మధ్యలో నీ పేరు ఓసారి దూరుస్తా గురూ" అన్నాడు నిన్న ఫోనులో. "రూల్సు ఒప్పుకోవనుకో. మొదటి రోజు ఎవడు పట్టించుకుంటాడు? మొదట వినేది మాత్రం నువ్వే అవ్వాలి. మద్రాసోడు ఎవడో ముందు వినేశాడంటే నాకు నచ్చదు."

ఫోను పెట్టేశాక జానకిరామ్ చాలాసేపు గుమ్మంలో నిలబడిపోయాడు. ఇన్నేళ్ళుగా ఎంతమందిని విన్నాడో. ఓడల వాళ్ళు, తుపాను రోజుల్లో ఒకరినొకరు పిలుచుకునేవాళ్ళు, ఏ భాషో తెలియని వాళ్ళు. అందులో ఒక్క ముక్క కూడా తనతో అన్నది కాదు. పెళ్ళివారింటి కిటికీ బయట నిలబడి సన్నాయి విన్నట్టే ఉంది వ్యవహారమంతా. ఇవాళ ఆ పెట్టెలోంచి ఎవరో జానకిరామ్ అని పిలుస్తారు. చీపురు అడ్డం రాకపోతే.

*

ఈ రొద పెడుతున్న దొంగ ఎవరో అతనికి తెలుసు. తెలుసుననే మూణ్ణెల్లుగా అనుకుంటున్నాడు. కార్తీకంలోనే ఊరి వెనక బుల్లబ్బాయి తన చెరువుల్లో కొత్త ఏరేటర్లు దింపాడు. నీళ్ళని చిలికి రొయ్యలకి ఊపిరి అందించే చక్రాలు అవి. వాటితోపాటు కొత్త కంట్రోల్ పెట్టెలూ వచ్చాయి. రొదా అప్పుడే మొదలైంది. ఇంకేం కావాలి సాక్ష్యం?

షాపులో ఆ పొద్దుట కాలిన మోటారు ఒకటి విప్పి ఉంది. జానకిరామ్ కత్తి ఉలితో రాగి చుట్టలు కోసి, పట్టకారుతో లాగి, గుత్తులుగా పక్కన పడేశాడు. కాలిన వార్నిష్ వాసన గుప్పున లేచింది. ఆ వాసన అతని చొక్కాలోకీ, గోళ్ళలోకీ, చివరికి ఇంట్లో తలగడలోకీ చేరి ఏళ్ళయింది. సన్నటి మనిషి. ముక్కు మీద కళ్ళజోడు, దానికి ఒక పక్క రాగితీగ చుట్టిన కాడ. సంతలో పక్కన నిలబడినా ఎవరూ గుర్తుపెట్టుకోని మొహం. మధ్యాహ్నం దాకా ఆగలేక, షట్టరు సగం దించి, చిన్న ట్రాన్సిస్టరు సంచిలో వేసుకుని సైకిలెక్కాడు.

బుల్లబ్బాయి చెరువుగట్టు మీద పాక కింద కూర్చుని మేత బస్తా కుట్లు విప్పుతున్నాడు.

"రండి మేస్త్రిగారూ. నా మోటార్లు రెండూ అయిపోయాయేంటండి?"

"అవలేదు. నీ పెట్టెలన్నీ ఓసారి ఆపాలి."

"మళ్ళీ మొదలెట్టారా!" బుల్లబ్బాయి చేతిలో బస్తా కింద పెట్టాడు. "మీరు రేడియో వినడానికి నా రొయ్యలు ఊపిరి బిగబట్టాలంటారా? ఏం చెప్తున్నారండి బాబూ!"

"టీ తాగినంతసేపు. రొద నీదేనని తేలితే పెట్టెల్లో ఫిల్టరు నేనే పెడతాను. కాదని తేలితే ఇంకెప్పుడూ నీ గట్టెక్కను. నీ మోటార్లు రెండూ అందరికంటే ముందు చుట్టిస్తాను."

ఆ చివరి మాట పనిచేసింది. బుల్లబ్బాయి లేచి, మబ్బుని ఒకసారి చూసి, రొయ్యలకి మనసులో ఏదో చెప్పుకుని, స్విచ్చులు ఒక్కొక్కటే దించాడు. చక్రాలు ఒక్కొక్కటీ నిదానించి ఆగాయి. నీళ్ళ మీద నురగ విడిపోయింది. గట్టు మీద కొంగ ఒకటి ఈ నిశ్శబ్దం నచ్చక లేచిపోయింది.

జానకిరామ్ ట్రాన్సిస్టరు పైకెత్తాడు.

గర్ర్... గర్ర్... అంది అది, నిక్షేపంలా.

ఇద్దరూ దానివైపు చూశారు.

"ఇంకా ఏడుస్తోందేంటండి?" అన్నాడు బుల్లబ్బాయి. "రొయ్యలు గాని ఏడుస్తున్నాయంటారా?"

జానకిరామ్ రేడియో చెవికి ఆనించుకున్నాడు. ఆ రొద ఒకే తీరున లేదు. కొంతసేపు పెరుగుతోంది, ఆగుతోంది, మళ్ళీ ఇంకో స్థాయిలో అందుకుంటోంది. ఈ సంగతి మూణ్ణెల్లుగా తెర మీద కూడా కనబడుతూనే ఉంది. బుల్లబ్బాయి మీద కోపంలో దాన్ని పట్టించుకోలేదు.

"మబ్బు కమ్ముతోందండి మేస్త్రిగారూ! నీళ్ళలో ఊపిరి తగ్గిపోద్ది, ఇంక చాలు!" బుల్లబ్బాయి పరుగెత్తి స్విచ్చులెత్తాడు. అన్నీ తిరిగాయి, మూల ఉన్నది ఒక్కటి తప్ప. తర్వాతిదంతా బుల్లబ్బాయి తిట్లు. ఆయ్ అంటూ, అండీ అంటూ, ఎంత మర్యాదగా తిట్టవచ్చో అంత మర్యాదగా తిట్టాడు. జానకిరామ్ పంచె ఎగ్గట్టి మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, స్టార్టరు కొసలు గీకి, దాన్ని తిప్పేసరికి చొక్కా సగం బురదయింది. మూణ్ణెల్లు దొంగ అనుకున్నవాడికి క్షమాపణ చెప్పడానికి అంతకంటే అనువైన చోటు దొరకదు గానీ, అతనికి నోరు రాలేదు. "మోటార్లు రేపిస్తాను" అన్నాడు.

తిరుగుదారిలో సైకిలు నడిపిస్తూ ట్రాన్సిస్టరు చేత్తో పట్టుకుని వచ్చాడు. దాన్ని నెమ్మదిగా చుట్టూ తిప్పితే ఒకచోట రొద బాగా సన్నగిల్లుతుంది. అప్పుడు రేడియో కొస ఎటు చూస్తుంటే దొంగ అటున్నట్టు. కొస చెరువుల వైపు చూడలేదు. ఊరివైపు చూసింది. కిళ్ళీకొట్టు దగ్గర సందువైపు చూసింది. సందులోకి వచ్చాక సరాసరి అతని ఇంటివైపు చూసింది.

"వీరవేణీ! మిక్సీ ఆపు!"

వీరవేణి గుమ్మంలో కూర్చుని లేసు అల్లుకుంటోంది. చేతిలో సన్నటి కొక్కెపు సూది, ఒళ్ళో తెల్లటి దారం ఉండ. మిక్సీ ఊసే లేదు. అతని బురద చొక్కా వైపు ఒకసారి చూసి, "చెరువులో కూడా ఏరియలు కట్టారా?" అంది.

అతను లోపలికి వెళ్ళి మెయిన్ స్విచ్ దించేశాడు.

"ఫ్రిజ్జు కూడానా? పాలు విరిగితే బ్రహ్మంగారొచ్చి తోడెడతారా?"

ఇల్లంతా ఆగింది. రేడియో మాత్రం ఆగలేదు. జానకిరామ్ దాన్ని తిప్పుతూ హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి పెరట్లోకి, పెరట్లో ప్రహరీ దాకా వెళ్ళాడు. అక్కడ గోడవతల, అతని రేడియోకి మూరెడు దూరంలో, మాణిక్యాంబగారి కిటికీ. రేడియో ఇప్పుడు అరుస్తోంది.

*

"రాముడూ, ఏంట్రా అది, పంది పిల్లా?" అంది మాణిక్యాంబగారు.

కోడలు రాణి తలుపు తీసి అతన్ని లోపలికి రమ్మంది. గది పసుపూ పౌడరూ కలిసిన వాసన వేస్తోంది. మంచం మీద గాలిపరుపు. దానిలో ఒక వరస అరల్లోకి గాలి నిండి, ఇంకో వరసలోంచి దిగుతూ, అటూ ఇటూ మారుతుంది. పడుకున్న మనిషి వీపు ఒకేచోట నలగకుండా. ఆ గాలి కొట్టే చిన్న మిషను మంచం కాళ్ళవైపు కమ్మీకి వేలాడుతోంది. మీద ఆకుపచ్చ దీపం. జానకిరామ్ రేడియో దానికి దగ్గరగా పెట్టాడు. మిషను గాలి కొట్టింది, రేడియో కోరస్ పాడింది. మిషను ఆగి వరస మార్చింది, రేడియో కూడా వరస మార్చింది.

"ఇదెప్పుడు కొన్నారమ్మా?"

"ఆస్పత్రినుంచి తెచ్చిన రోజే కదండి అన్నయ్యగారూ. కార్తీకంలో."

అతను స్టూలు మీద కూర్చుండిపోయాడు. పక్కింటి మంచం మీదున్న దొంగని వదిలేసి, ఊరవతల రొయ్యలని నిలదీసి వచ్చాడు. ప్రతి రోజూ ఈ కిటికీకేసి చూసే రొద రొద అని ఆవిడకే ఫిర్యాదు చేశాడు.

సంగతి విని మాణిక్యాంబగారి మొహం వెలిగిపోయింది. ఎముకలు తేలిన చెయ్యెత్తి కోడల్ని పిలిచింది. "విన్నావా రాణీ! మూణ్ణెల్లబట్టీ నేను రేడియోలో వస్తున్నానంట! ఒరే, రోజూ మాటాడుతుంటే వినిపించుకోకుండా ఎవరూ లేరని చెప్తావా? ఎంత దూరం వెళ్తాన్రా నేను?"

"మా డాబా దాకానండి. కొంచెం బుల్లబ్బాయి చెరువు దాకా."

"అంతేనా?" ఆవిడకి ఆశాభంగమైంది. "మా పొలం దాకానైనా వెళ్ళనా?"

"బోదె కాలవ దాటి వెళ్ళొచ్చేమోనండి."

"సర్లే." కాసేపు ఊపిరి తీసుకుంది. మాట మాటకీ మధ్య ఈమధ్య ఎడం పెరిగింది. "సాయంత్రం నీ స్నేహితుడు మాటాడతాడన్నావుగా? ఆపెయ్యవే రాణీ ఆ మిషను. మనిషి మాటాడుతుంటే మధ్యలో మనమెందుకు?"

రాణి జానకిరామ్ వైపు చూసింది. ఆ చూపులో సమాధానం ఉంది. రాత్రుళ్ళు లేచి ఒత్తిగిలబెట్టే మనిషి చూపు అది. "ఆపద్దన్నారండి డాక్టరుగారు. వీపున పుండు ఇప్పుడిప్పుడే మానుతోంది."

"అరగంటకి నా వీపేం అరిగిపోదు! పొలంలో ఎండకి మాడిన వీపు ఇది!"

అరగంట. జానకిరామ్‌కి కావలసింది సరిగ్గా అంతే. ఆపినా నిజంగా ఏమీ అవదేమో కూడా. ఆపమనే మాట నోటిదాకా వచ్చింది. రాణి చేతిలో తడి గుడ్డ, దాని మీద పసుపచ్చని మరక కనిపించాయి. అతను లేచాడు.

"వద్దండి పిన్నిగారూ. ప్లగ్గు దగ్గర పెట్టే ఫిల్టరు ఒకటి చేసుకొస్తాను. మిషను మిషనులానే ఉంటుంది. రొద బయటికి రాదు."

"అంటే నా నోరు మూయిస్తావన్నమాట."

"ఆ పని మా బాబాయిగారి వల్లే కాలేదు కదండి."

ఆవిడ నవ్వింది. నవ్వు దగ్గయి, దగ్గు చాలాసేపటికి ఆగింది. రాణి చెంచాతో నీళ్ళు పట్టింది. జానకిరామ్ వెళ్తుంటే వెనకనుంచి, "ఏమన్నాడో వచ్చి చెప్పరా. నాకు అద్దె బాకీ ఉన్నావు" అంది.

*

జానకిరామ్ ఇంటికొచ్చి, మెయిన్ స్విచ్ ఎత్తి, పాడైపోయిన కంప్యూటర్ పెట్టెలోంచి నల్లటి రింగు ఒకటి ఊడదీశాడు. గాజంత కూడా లేదు. దాని కన్నంలోంచి రెండు తీగలు జోడీగా దూర్చి, లాగి, మళ్ళీ దూర్చాలి. ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. మోటార్ల లావు తీగకి అలవాటైన వేళ్ళు అతనివి. ఈ సన్నపని వచ్చినప్పుడల్లా వణుకుతాయి. నాలుగు చుట్లు తిరిగేసరికి తీగ మెలిపడింది. విప్పాడు. మళ్ళీ మెలిపడింది. ఆ తీగని ఏదో అన్నాడు.

"ఇలా ఇవ్వండి" అంది వీరవేణి.

"నీ లేసు?"

"నా లేసు ఎలాగూ దుబాయిలోనో ఎక్కడో ఎవరో డైనింగు టేబులు మీద పప్పు ఒలకబోసుకోడానికి. ఇవ్వండి."

కొక్కెపు సూది కన్నంలోంచి దూర్చి, తీగని ఒడుపుగా అవతలికి లాగింది. ఆవిడ వేళ్ళు చూడకుండానే లెక్కపెట్టుకుంటాయి. చుట్టు పక్కన చుట్టు, వడ్ల గింజలు పేర్చినట్టు వచ్చింది. అతని రిసీవరులో ఉన్న చుట్టలన్నీ ఆవిడ చుట్టినవే. ఆ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు, ఆవిడా అడగలేదు. చిరాకుపడటానికి మాత్రం ఆ హక్కుని వాడుకుంటూ ఉంటుంది.

"ఇందాక ఆవిడ ఆపెయ్యమంటే ఆపించుకోవాల్సింది కదా" అంది తల ఎత్తకుండా.

"ఆ పిల్ల మొహం చూడలేదు నువ్వు."

వీరవేణి చివరి చుట్టు బిగించి, దారం తెంపే అలవాటుకొద్దీ పళ్ళ దగ్గరికి తీసుకెళ్ళి, తీగని చూసి ఆగిపోయింది.

పెట్టడానికి డబ్బా కావాలి. కరెంటు వస్తువు కాబట్టి ప్లాస్టిక్కే అవ్వాలి. వీరవేణి స్నానాలగదిలోంచి గులాబిరంగు సబ్బుపెట్టె తెచ్చి, కడిగి, చీరచెంగుతో తుడిచి ఇచ్చింది. "మీ చేతిలో పడ్డాక నా ఇంట్లో డబ్బాలకి మోక్షం వస్తోంది" అంది. అతను పక్కలకి కన్నాలు కాల్చి, ఒకవైపు మూడు మొనల ప్లగ్గు, ఇంకోవైపు సాకెట్టు తీగ బయటికి తెచ్చి, అతుకులు ఒక్కొక్కటే వేశాడు. ఒక అతుకు చల్లబడి వదిలేసింది. మళ్ళీ వేశాడు. మధ్యలో కరెంటు పోయి వచ్చింది. మళ్ళీ బోర్డు ఆన్ చెయ్యడానికి పైకెళ్ళి, చీమలు దులిపి, కిందికి వచ్చేసరికి సోల్డరింగ్ ఐరన్ వీరవేణి దారం ఉండ పక్కకి దొర్లి ఉంది. దాని గురించి జరిగిన సంభాషణ ఇక్కడ అనవసరం.

సబ్బుపెట్టె మూత బిగించేసరికి అయిదున్నర కావొస్తోంది. దాన్ని పట్టుకుని, తెర ఎలా ఉందో చివరిసారి చూద్దామని రేకుల గదిలోకి వెళ్ళాడు. చీపురు నిండుగా ఉంది. ఇప్పుడు కిందికి దిగి, చుట్టూ తిరిగి వెళ్ళి, పెట్టి, తిరిగి వచ్చేలోపు బ్రహ్మం మొదలెట్టేస్తాడు. వెళ్ళకపోతే వినపడదు. అటు రెండడుగులు వేసి ఇటు రెండడుగులు వేశాడు.

రొద ఆగిపోయింది.

తెర మీద ఈనెలు ఒక్కసారిగా తెగి, కిందికి జారిపోయి, పైనుంచి ముదురు నీలం దిగింది. ఎవరో వాకిలి ఊడ్చి, చీపురు కూడా తీసేసినట్టుంది. జానకిరామ్ ముందు ఫాను వైపు చూశాడు. తిరుగుతోంది. కరెంటు పోలేదు.

"వీరవేణీ!" అని కేకేశాడు. "పిన్నిగారు ఆపించేసింది!"

"మొండిది కదా" అంది వీరవేణి మెట్లెక్కుతూ.

అతను సబ్బుపెట్టె చేత్తో పట్టుకునే కుర్చీలో కూలబడ్డాడు. మూణ్ణెల్ల తర్వాత విన్న నిశ్శబ్దం అది. దాని అడుగున ఎక్కడో సన్నటి ఇసక జారుతున్నట్టు చప్పుడు, ఇంకా అడుగున దూరంగా ఎవరివో కిచకిచలు. అప్పుడు తెర మధ్యలో పసుపు జాలు ఒకటి మొదలైంది.

ఇంగ్లీషులో పిలుపు. గొంతు బిగుసుకుపోయి, అక్షరాలు బంగారం తూకం వేస్తున్నంత జాగ్రత్తగా. లైసెన్సుతో వచ్చిన తన పిలుపు పేరు, వీయూ త్రీ అనీ, తర్వాత మిగతా అక్షరాలూ. రెండోసారి. మూడోసారి. ఎవరూ సమాధానం ఇవ్వలేదు. కాస్త ఆగి, ఈసారి మామూలు గొంతుతో, తెలుగులో:

"జానకిరామ్... గురూ. బ్రహ్మాన్ని. పిఠాపురం నుంచి. వింటున్నావా?"

"ఆఁ, చెప్పు" అన్నాడు జానకిరామ్ గట్టిగా.

అవతలికి వినపడదని అతనికీ తెలుసు. గుమ్మంలో వీరవేణి నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. "మీ పేరు పెట్టి పిలిచారండీ" అంది.

తర్వాత ఎవరో బెంగళూరు మనిషి బ్రహ్మానికి జవాబిచ్చాడు. ఇద్దరూ వాతావరణం గురించి మాట్లాడుకున్నారు. జానకిరామ్ చివరిదాకా విని, కళ్ళజోడు తీసి చొక్కాకి తుడుచుకుని, లేచాడు.

"ఇది పెట్టేసి మిషను ఆన్ చేసొస్తాను. పాపం ఆవిడ వీపు ఈపాటికి..." అంటూ మెట్లు దిగాడు. నడుస్తూనే చెప్పాల్సింది కూర్చుకున్నాడు. బెంగళూరు అతని సంగతి, బ్రహ్మం గొంతు బిగుసుకోవడం. కొంచెం పెంచి చెప్పినా తప్పులేదు. అద్దె బాకీ చాలా ఉంది.

వీధి గుమ్మంలో రాణి కూర్చుని ఉంది. ఒళ్ళో చేతులు, చేతుల్లో ఏమీ లేదు. ఆ పిల్లని ఖాళీ చేతులతో ఎప్పుడూ చూసినట్టు లేదు.

"చాలా థ్యాంక్సమ్మా. పిన్నిగారి మాటకి..."

"నేనాపలేదండి అన్నయ్యగారూ" అంది రాణి. "ఆపమని మధ్యాహ్నమంతా పోరు పెట్టారు. నేనాపలేదు. కోప్పడి అటు తిరిగి పడుకున్నారు. టీ ఇద్దామని లేపితే పలకలేదండి." చేతులు ఒకసారి తిరగేసి చూసుకుంది. "చాలాసేపు చూశాను. నాడి చూశాను, అద్దం పెట్టి చూశాను. అప్పుడాపానండి. ఇంక దేనికని."

లోపల గాలిపరుపు దిగిపోయి ఉంది. మాణిక్యాంబగారు దానిలో కొంచెం కుంగి, చిన్నదై, గోడవైపు తిరిగి ఉంది. ఎవరిమీదో ఇంకా అలిగినట్టే. "మంచం మీంచి దింపాలండి, వెలుగుండగానే" అంది రాణి. దించాలంటే రెండు చేతులూ కావాలి. జానకిరామ్ చేతిలోది కిటికీ మెట్టు మీద పెట్టి భుజాల కింద చేతులు దూర్చాడు. ఆవిడ ఏమీ బరువు లేదు. ఇద్దరూ కలిసి చాప మీదికి, దక్షిణం తలతో పడుకోబెట్టారు. వీరవేణి వచ్చి, దీపం కుందె ఎక్కడుందో వెతికి తెచ్చి తల దగ్గర వెలిగించింది. జేబులో ఫోను మోగింది. బ్రహ్మం. జానకిరామ్ కట్ చేశాడు.

జనం వస్తూ ఉండగా అతను ప్రహరీ పక్కకి వెళ్ళి నిలబడి, వార్నిష్ గోళ్ళతో ఒక్కో అక్షరమే నొక్కుతూ మెసేజి పెట్టాడు. విన్నవాడు చెప్పినవాడికి ఎలా వినపడిందో రాసి పంపడం రేడియోవాళ్ళ ఆనవాయితీ. "మొదట విన్నది నేనే గురూ. గొంతు స్పష్టంగా వచ్చింది. రొద లేదు."

మర్నాడు మగవాళ్ళు స్మశానం నుంచి వచ్చాక రాణి గది కడిగింది. గాలిపరుపు చుట్టి అటక మీద పెట్టారు. మంచం పెరట్లో ఎండలో వేశారు. కిటికీ మెట్టు మీద గులాబిరంగు సబ్బుపెట్టె ఎవరూ తియ్యక అక్కడే ఉంది, మూడు మొనల ప్లగ్గు గదివైపు తిరిగి.